లేవకముందే తీసిన విస్తరి

భూగోళం పైకొసనున్న ఊలు పట్నంలో డిసెంబరు చలి ఎలాంటిదంటే, నోరారా తిట్టిన తిట్టు గాల్లోనే గడ్డకట్టి, వేసవిలో కరిగాక గానీ ఎదుటివాడికి వినబడదు. మధ్యాహ్నం మూడింటికే చీకటి. అందుకే చిప్పుల కంపెనీలో పనిచేసే మిర్వాకు ఆఫీసు నేలమాళిగలో పని పెద్ద బాధనిపించేది కాదు. ఒకప్పుడు బాంబుల భయానికి కట్టిన గది అది. నలభై ఏనుగులు తోసినా కదలని ఇనుప తలుపు. లోపల తెరమీద బొమ్మలు గీసే కొత్త చిప్పు, ఒక కుర్చీ, గోడకు ఫోను. కొక్కేనికి దుమ్ము పట్టిన ఆకుపచ్చ కోటు ఒకటి. ఎవరిదని అడిగితే ఆఫీసంతా బుర్ర గోక్కునేది.

ఆరోజు చిప్పు బిగుసుకుపోయింది. మిర్వా దాన్ని నడిపే ప్రోగ్రామును, అంటే డ్రైవరును, రీసెట్ చేసింది. చిప్పు చేయాల్సిన పనులన్నీ బఫరనే తాత్కాలిక జాగాలో, బంతిలో విస్తళ్ళలా, వరసగా పరిచి ఉంటాయి. రీసెట్ అయ్యాక పాతవి ఎత్తేసి, కొత్తవాటికి జాగా చేయాలి. కానీ ‘ఆగిపోయాను’ అని చిప్పు తనంతట తాను చెప్పేదాకా ముట్టుకోకూడదు. తినేవాడు లేవకముందే విస్తరి తీస్తామా? అంతే ఇదీను.

అన్నీ ఆగాయి. ఒక్క పని మాత్రం ఇంకా నడుస్తోందని తెర చెబుతోంది.

ఫోను మోగింది. పైనుంచి జౌకో, జట్టులో అందరికన్నా పెద్దవాడు.

“ఏం అమ్మాయ్, గుడ్లు పొదుగుతున్నావా కింద? నీ ఎర్ర కోటు నా కుర్చీమీద పడేసి పోయావ్. దాల్చినచెక్క బన్ను కూడా ఒక్కటే మిగిలింది మరి.”

“దానిమీద చెయ్యేశావో, విరిచేస్తా! ఒక్క పని కదలట్లేదు జౌకో. ఐదింటికి మా పాప విల్యా బళ్ళో పాడుతోంది. ముందు వరసలో కూర్చుంటానని మాటిచ్చాను.”

“అది ఆగేదాకా ఆగు. తొందరపడకు.”

తొందరపడింది. చిప్పు బదులు ‘అన్నీ అయిపోయాయి’ అని తానే రాసేసి, జాగా విడిపించింది.

దీపాలు ఒక్కసారి రెప్పలేశాయి. ఫ్యాన్లు ఆగిపోయాయి. కాలిన దుమ్ము వాసన... దాని వెనకాల తడిసిన ఉన్ని వాసన. ఎంత నిశ్శబ్దమంటే, తన కనురెప్పలు కొట్టుకునే చప్పుడు తనకే వినబడింది.

ఇక చాలనుకుని తలుపు పిడి తిప్పింది.

తిరగలేదు.

అవతల అడుగుల చప్పుడు. ఎవరో మెట్లెక్కుతున్నారు. ఎడమ మడమ కాస్త ఈడుస్తూ... అచ్చం తాను నడిచినట్టే.

పరుగున వెళ్ళి ఫోనందుకుంది.

“జౌకో... తలుపు బిగుసుకుంది. కిందికి రా.”

“ఎవరండీ?”

“వేళాకోళాలొద్దు. నేను... మిర్వాని.”

“భలేవారే! మిర్వా ఇక్కడే ఉందిగా. ఇప్పుడే పైకొచ్చి, నా చేతిలో బన్ను లాక్కుని మరీ తింటోంది. ఇంతకీ మీరెవరండీ?”

ఫోనులో నములుతున్న చప్పుడు. ఎన్నేళ్ళ ఆకలో అది... ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా. తర్వాత, బాగా దగ్గరగా, తన గొంతే.

“పెట్టేయ్ జౌకో. నాకు ఆలస్యమవుతోంది. విల్యా ఎదురుచూస్తుంటుంది.”

టక్.

మిర్వా తలుపు బాదింది. కూతురి పేరు పెట్టి అరిచింది. ఆ గోడలు బాంబుల చప్పుడే మింగేవి... ఓ తల్లి గొంతు వాటికొక లెక్కా?

తెరమీద ఒకే వరస. ‘జాగా మొత్తం ఖాళీ.’

వెనక్కి తిరిగింది. కొక్కేనికి ఆకుపచ్చ కోటు లేదు.

దాని చోట తన ఎర్ర కోటు వేలాడుతోంది. భుజాలమీద... వేలితో పేరు రాయగలిగినంత మందాన దుమ్ము.