బామియా నోరు

పడవ హారన్ వినగానే నబ్రా తింటున్న రొట్టె ముక్కను అలాగే వదిలేసి ముంగిట్లోకి పరుగెత్తింది.

"ఈసారి పెద్ద గుంపే," అన్నాడు వాళ్ల నాన్న శాజిలీ, గ్లాసుల్లో ఎర్రటి కర్కదే పూల పానకం పోస్తూ. "త్వరగా బామియా నోరు కట్టెయ్యమ్మా."

బామియా అంటే బెండకాయ. నబ్రా ఇంట్లో మాత్రం అది మొసలి పిల్ల పేరు. పచ్చగా, గరుకుగా, చివర సన్నగా ఉంటుందని నబ్రాయే ఆ పేరు పెట్టింది. అస్వాన్‌కు ఎదురుగా, నైలు నది పడమటి ఒడ్డున ఉన్న మా నూబియా ఊళ్లో చాలా ఇళ్లలో మొసళ్లు ఉంటాయి. టూరిస్టులు పడవ దిగి వస్తారు. నీలి గోడలు చూస్తారు, కర్కదే తాగుతారు, మొసలి పిల్లను పట్టుకుని ఫొటో దిగుతారు. వెళ్లేటప్పుడు చేతిలో ఏదో పెడతారు. చాలా ఇళ్లు వాళ్ల మీదే గడుస్తాయి.

కట్టడం నబ్రా పని. గుంపు వెళ్లాక విప్పడం నాన్న పని. ఇంత చిన్న వయసులో మొసలి నోరు కడుతుందా అని ఊరంతా నబ్రాను మెచ్చుకునేది. నబ్రా కూడా కాస్త తల ఎగరేసుకునే తిరిగేది. కానీ ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. కట్టే ప్రతిసారీ నబ్రా కళ్లు గట్టిగా మూసుకునేది. అంత భయం ఆమెకు. చెబితే ఆ మంచి పేరంతా పోతుందని నోరు మెదిపేది కాదు.

ఆ రోజు నోరు కట్టే తెల్ల తాడు కనిపించలేదు. గూట్లో లేదు, బామియా ఉండే తొట్టి వెనకా లేదు. గుంపు గుమ్మం దాకా వచ్చేసింది. నబ్రాకు ఏం చెయ్యాలో తోచలేదు. చటుక్కున తన జడకున్న నల్ల రబ్బరు బ్యాండు లాగింది. కళ్లు మూసుకుని బామియా మూతికి రెండు చుట్లు తిప్పి తగిలించింది. ఒళ్లు పచ్చనైనా దాని మూతి నలుపే, ఆ నలుపు మీద నల్ల రబ్బరు. పెట్టినట్టే తెలియలేదు.

ఇక బామియా చేతులు మారింది. ఒకాయన దాన్ని తల మీద పెట్టుకున్నాడు. ఒకామె కెవ్వున అరిచి, నవ్వి, మళ్లీ ఇమ్మంది. ఒక్కరు మాత్రం దాన్ని ముట్టుకోలేదు. గడ్డి టోపీ పెట్టుకున్న ముసలావిడ. ఆమె నబ్రా దగ్గర గొంతుక్కూర్చుని బామియా మూతిని పరీక్షగా చూసింది.

"ఇది... నొప్పి?" అని అడిగింది. ఆమెకు వచ్చిన అరబ్బీ అంతంత మాత్రం.

"అబ్బే, లేదండీ. దానికి ఇదంతా సరదా. చూడండి, ఎలా నవ్వుతోందో."

"నవ్వు కాదు. నోరు మూత. నోరు ఎప్పుడు తెరుస్తావు?"

"మీరు వెళ్లగానే."

"నిజం?"

"నిజమండీ," అంది నబ్రా. లోపల మాత్రం ఒళ్లు మండింది. మా కర్కదే తాగి మాకే వంకలు పెడుతోంది, మొసళ్ల గురించి ఈవిడ మాకు చెప్పాలా అనుకుంది.

అంతలో పక్కింటి అష్రీ గోడ మీదుగా తొంగి చూసింది. "ఒసే, ఎదురింటి పెళ్లికూతురికి గోరింటాకు పెడుతున్నారే. నువ్వొస్తావా, నీ వాటా కూడా నేనే పెట్టించుకోనా?"

నబ్రా బామియాను ప్లాస్టిక్ తొట్టిలో దించి ఒక్క పరుగు తీసింది. ఆ పాటల్లో, ఆ గోరింటాకులో ముసలావిడకు ఇచ్చిన మాట గుర్తుకే రాలేదు.

మర్నాడు బడిలో ఉండగా ఎడారి గాలి మొదలైంది. కిటికీలు మూసినా క్లాసు పొయ్యిలా ఉంది. నోట్సు రాసుకుంటున్న నబ్రాకు జుట్టు మాటిమాటికీ కళ్లలో పడుతోంది.

"నబ్రా, జుట్టు ముడి పెట్టుకో. రబ్బరు బ్యాండేదీ?" అంది టీచర్.

"ఇంట్లో ఉంది టీచర్," అంది నబ్రా.

అనేసి ఆగిపోయింది. ఇంట్లో ఎక్కడ?

ఆమె చేతిలో పెన్ను జారి కింద పడింది.

అష్రీ వంగి పెన్ను తీసిచ్చింది. "ఏమైందే? దయ్యాన్ని చూసినట్టు ఉన్నావు," అని గుసగుసలాడింది. నబ్రాకు ఇంటికి పంపమని టీచర్‌ని అడగాలనిపించింది. ఎందుకని ఆమె అడిగితే? చెయ్యి సగం లేపి దించేసింది. ఆ తర్వాత టీచర్ చెప్పిన ముక్క ఒక్కటీ బుర్రకెక్కలేదు. కళ్ల ముందు వాళ్ల గుమ్మమే కనిపిస్తోంది.

ఇంట్లో పెంచిన మొసలి చచ్చిపోతే మా వాళ్లు దాన్ని ఎండబెట్టి, పొట్టలో గడ్డి కూరి, గుమ్మం పైన వేలాడదీస్తారు. దిష్టి తగలదని. నబ్రా వాళ్ల గుమ్మం పైన తాతల నాటిది ఒకటి ఉంది. దాని నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దాని పక్కన ఇంకో మేకు కొట్టే చోటుంది. నబ్రాకు ఇప్పుడు ఆ ఖాళీ చోటే కనిపిస్తోంది.

గంట కొట్టగానే పరుగు పెట్టింది. ఇసుక గాలికి ఓణీ అంచు ముక్కుకీ నోటికీ అడ్డంగా చుట్టుకుంది. సగం దారిలో ఊపిరి ఆడలేదు. గుడ్డ లాగేసి, నోరంతా తెరిచి గాలి పీల్చుకుంది. పీలుస్తూనే బామియా గుర్తొచ్చింది. మళ్లీ పరుగెత్తింది.

నాన్న టూరిస్టుల కోసం పడవ రేవుకు వెళ్లాడు, ఇంటి దగ్గర అవ్వ ఒక్కతే ఉంది. గోడ నీడన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. మనుషుల్ని అడుగుల చప్పుడుతోనే గుర్తుపడుతుంది.

"ఎందుకే ఆ పరుగు? నీ బామియా అలిగిందే. పొద్దున మీ నాన్న వేసిన చేప ముట్టనే లేదు," అంది.

"నాన్న దాన్ని చూశాడా అవ్వా?"

"చూశాడు. తాడు తీసే ఉంది గదా, ఒంట్లో బాగోలేదేమో అన్నాడు. సాయంత్రానికి కూడా ఇలాగే ఉంటే..." అవ్వ మాట ఆపి గుమ్మం వైపు తల తిప్పింది.

నబ్రా తొట్టి దగ్గరికి వెళ్లింది. నీడ కోసం పైన కప్పిన ఈతాకుల చాప గాలికి ఎగిరిపోయి మూల పడి ఉంది. ఎండ నేరుగా తొట్టిలో పడుతోంది. అడుగున కాసిని నీళ్లు, అవీ వేడెక్కిపోయాయి. చేప తేలుతోంది, దాని మీద ఈగలు. బామియా కదలడం లేదు. కళ్లు సగం మూతపడ్డాయి. మూతి మీద రబ్బరు చర్మంలోకి దిగిపోయింది.

నబ్రా చెయ్యి చాపింది. వెనక్కి తీసుకుంది. మళ్లీ చాపింది. కట్టడమే గానీ విప్పడం ఆమెకు రాదు. విప్పగానే కరిస్తే? వేలు పోతే? నాన్నను పిలుద్దామంటే సంగతంతా చెప్పాలి. చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోతే ఎవరికీ ఏమీ తెలియదు. జబ్బు చేసి పోయిందనుకుంటారు.

ఆ ఆలోచన వచ్చినందుకు నబ్రాకు మొసలి కన్నా తన మీదే ఎక్కువ భయమేసింది.

"అవ్వా," అంది. "అవ్వా, నేనే. నా జడ రబ్బరు. నిన్నటి నుంచి దాని మూతికే ఉంది."

అవ్వ ఒడిలోని కాయలు నేల మీద పోసేసి లేచింది. తిట్టలేదు. "నా కళ్లకు నల్ల రబ్బరు ఆనదు తల్లీ. నేను పట్టుకుంటాను. తీయాల్సింది నువ్వే," అంది.

"నాకు భయమే, అవ్వా." పుట్టాక మొదటిసారి నబ్రా ఆ మాట పైకి అంది.

"తెలుసు. కట్టేటప్పుడు కళ్లు మూసుకుంటావుగా."

"నీకు కనిపించదుగా?"

"కనిపించకపోతేనేం, నీ ఊపిరి వినపడదూ? నాకూ భయమే. ఈ ఇంటికి కోడలిగా వచ్చిననాటి నుంచీ భయమే. అందుకే నా వేళ్లన్నీ ఉన్నాయి. పద, ఈసారి చూస్తూ చెయ్యి."

అవ్వ తన ఓణీ తడిపి బామియా కళ్ల మీద కప్పింది. మెడ దగ్గర ఒక చెయ్యి, వీపు మీద ఒక చెయ్యి వేసి ఒత్తి పట్టింది. నబ్రా మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లు మూతపడబోయాయి. తెరిచి ఉంచింది. చిటికెన వేలి గోరు రబ్బరు కిందకి దూర్చింది. మూతి వేడిగా ఉంది. పళ్లు వేలికి తగులుతున్నాయి. చెమట కంట్లో పడింది. తుడుచుకోలేదు.

మొదటి చుట్టు జారింది. రెండోది ఫట్‌మని తెగింది.

నబ్రా వెనక్కి పడింది. బామియా మాత్రం కదల్లేదు. నోరు తెరవలేదు.

"అవ్వా, అది చచ్చిపోయిందా?"

"నన్నడిగితే నాకేం తెలుసు? నీడకు లాగు. నీళ్లు తే. చల్లటి కుండ నీళ్లు వద్దు, మామూలువి తే."

నబ్రా తొట్టిని గోడ నీడలోకి లాగింది. చాప తెచ్చి కప్పింది. నీళ్లు కొంచెం కొంచెంగా వీపు మీద పోసింది. పోస్తూ ఏడ్చింది. గుమ్మం పైనున్న మొసలి తననే చూస్తున్నట్టుంది. అటు తల తిప్పలేదు.

చాలాసేపటికి బామియా తోక చివర కొద్దిగా కదిలింది. ఆ తర్వాత నోరు తెరుచుకుంది. మెల్లగా, పూర్తిగా. లోపల లేత పసుపు రంగు. వరసగా సన్నటి పళ్లు. కరవడానికి కాదు. అలా తెరిచి, తెరిచినట్టే ఉంచింది.

"నోరు తెరిచిందవ్వా. ఎందుకు మూయడం లేదు?"

"వేడి బయటికి పోవద్దూ పిచ్చిదానా? దానికి చెమట పడుతుందా ఏమన్నానా?"

నబ్రా తెగిన రబ్బరును గుప్పిట్లో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

పొద్దు వాలుతుండగా పడవ హారన్ మోగింది. నాన్న ముందు నడుస్తున్నాడు, వెనక టూరిస్టులు. వాళ్లలో గడ్డి టోపీ ముసలావిడ కూడా ఉంది.

"తాడు దొరికిందమ్మా, మొన్న విప్పి జేబులో వేసుకున్నానేమో, పడవలోనే పడి ఉంది," అని నాన్న తెల్ల తాడు చాపాడు. "బామియా తేరుకుందా? అయితే నోరు కట్టి తీసుకురా. వీళ్లు ఫొటోలు దిగుతారట."

నబ్రా తాడు అందుకోలేదు. అప్పటికే ఒకాయన ఫోను పైకెత్తి చూస్తున్నాడు. అందరూ తన వైపే చూస్తున్నారు. మొసలి ముందు కూడా ఇంత భయం వెయ్యలేదు.

"కట్టను నాన్నా."

"ఏం?"

గుప్పిట తెరిచి రబ్బరు చూపించింది. తాడు దొరక్కపోవడం, గోరింటాకు, ఎగిరిపోయిన చాప, అన్నీ చెప్పింది. మధ్యలో ఏడుపొచ్చినా ఆపలేదు. నాన్న తొట్టి దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. మూతి చుట్టూ ఎర్రటి గాడి ఉంది.

"పొద్దున చేప వేసింది నేనే. దగ్గరికొచ్చి చూశాను కూడా. నాకూ కనిపించలేదు," అన్నాడు చిన్నగా. ఆ తర్వాత టూరిస్టుల వైపు చూశాడు. "మరి వీళ్లకేం చెప్పమంటావు?"

నబ్రా లేచి నిలబడింది. "ఇవాళ దాన్ని పట్టుకోవడం కుదరదండీ. ఇక్కడి నుంచే చూడండి. అది నోరు తెరిస్తే కోపం కాదు, దానికి ఉక్కగా ఉందని."

ఫోను పట్టుకున్నాయన ఏదో గొణుక్కుంటూ పక్కింటి వైపు వెళ్లిపోయాడు. వెనకే ఇంకో ఇద్దరు. నాన్న వాళ్లను చూశాడు, కర్కదే గ్లాసులను చూశాడు. మిగిలినవాళ్లకు పానకం పోశాడు.

ముసలావిడ నిన్నటిలాగే గొంతుక్కూర్చుంది. "నొప్పి?" అని అడిగింది.

"నొప్పేనండీ," అంది నబ్రా. "నిన్న మీకు అబద్ధం చెప్పాను. మీరు వెళ్లాక నోరు విప్పలేదు. విప్పుతానని చెప్పి గోరింటాకు పెట్టించుకోవడానికి పోయాను."

ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. నబ్రా ముఖం చూసి మెల్లగా తలూపింది.

మళ్లీ గాలి లేచింది. చాప ఒక పక్కకు ఎగిరి, ఏటవాలు ఎండ తొట్టిలో పడింది. నబ్రా చటుక్కున చెయ్యి చాచింది.

"నాన్నా, ఆ తాడు ఇటివ్వు."

నాన్న ఇచ్చాడు. నబ్రా చాప మూలను గోడ మేకుకు లాగి, ఆ తాడుతో గట్టిగా ముడి వేసింది. తొట్టి మీద నీడ నిలబడింది. చాప కింద బామియా నోరు తెరిచింది, నబ్రా చేతికి జానెడు దూరంలో. నబ్రాకు ఇంకా భయమే. కళ్లు మాత్రం మూసుకోలేదు.