బాదం పప్పు ఎవరికి వచ్చింది?

పొద్దున్న ఏడున్నరకే గుడ్రున్ అన్ని గదుల తలుపులూ తట్టేసింది.

"లేవండి, లేవండి! తొమ్మిదింటికి రాజభవనం, పదకొండుకి చర్చి, ఒంటిగంటకి జెయింట్ వీల్. ఆస్టా, మేజోళ్ళు రెండు జతలు వేసుకో."

తమ ఊరు ఆర్హుస్‌లో రైలెక్కి ఆరు రోజులైంది. హాంబర్గ్‌లో రెండు రోజులు, ప్రాగ్‌లో మూడు రోజులు తిరిగి, ఇప్పుడు వియన్నాలో ఒక అద్దె ఇంట్లో దిగారు. గుడ్రున్ ఇరవయ్యేళ్ళు బడికి హెడ్మాస్టరమ్మగా చేసిన మనిషి. ఆవిడ చేతికి చిక్కితే పండగ సెలవులకైనా ఊపిరాడదు. భర్త ఆక్సెల్ మోకాలు నొప్పన్నా, మనవరాలు ఆస్టా కాళ్ళు లాగుతున్నాయన్నా "ఇంకొక్కటే" అనేది. అదయ్యాక మరొకటి ఉండేది.

ఆ పరుగు ఎందుకో అందరికీ తెలుసు. కొడుకు యెప్పె ఏప్రిల్‌లో సైకిల్ మీద పనికి వెళ్తూ రోడ్డు మీదే పడిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. ముప్పై ఆరేళ్ళు. పెళ్ళి కాలేదు, ఏ పండగైనా అమ్మ దగ్గరే. ఈసారి క్రిస్మస్‌కి ఆ ఇంట్లో ఉండలేనని గుడ్రున్ సెప్టెంబరులోనే టికెట్లు తీసింది. రైలెక్కేముందు ఒకటే షరతు పెట్టింది. తిరిగొచ్చేదాకా వాడి పేరు ఎవరూ ఎత్తకూడదు.

కూతురు డిట్టె ఓర్చుకుంది. హాంబర్గ్‌లో ఓడల దీపాలు చూస్తూ నాన్న "వాడుంటేనా..." అని ఆగిపోతే, విననట్టు ఊరుకుంది. ప్రాగ్‌లో వంతెన మీద ఆయన నదివైపు తిరిగి చేతితొడుగుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. వెనకనుంచి అమ్మ "ఫొటోకి రండి, ఎండ పోతోంది!" అని అరిచింది. ఆ ఫొటోలో నలుగురూ నవ్వుతున్నారు. అది కనబడిన ప్రతిసారీ డిట్టె ఫోను బోర్లా పెట్టేసేది.

వియన్నాలో ఆ రోజే క్రిస్మస్ పండగ. సాయంత్రం డిట్టె ఏటా పండక్కి చేసే పాయసం చేసింది. పాలలో ఉడికించిన అన్నం చల్లారాక మీగడ కలిపి, తరిగిన బాదం వేసి, చివర్న ఒక్క పప్పు మాత్రం ముక్క చెయ్యకుండా అలాగే వేసింది. అది ఎవరి గిన్నెలో పడితే వాళ్ళకి బహుమతి. దొరికినవాళ్ళు బుగ్గలో దాచుకుని మిగతావాళ్ళచేత పొట్ట పగిలేలా తినిపించడమే ఆట.

"వంట నీది, వడ్డన నాది," అని గుడ్రున్ ఎప్పట్లాగే అందర్నీ వంటింట్లోంచి తరిమేసింది. గిన్నెల్లో పెట్టి, పైన వేడివేడి చెర్రీ పళ్ళ రసం పోసి తెచ్చింది.

తిన్నారు. గిన్నెలు ఖాళీ అయ్యాయి. పప్పు నాకొచ్చిందని ఎవరూ అనలేదు.

"తాతయ్యా, నీ దగ్గరే ఉంది! ఆ అను!" అంది ఆస్టా.

"ఆ..."

"కట్టుడు పళ్ళ కింద దాచావేమో, తియ్యి!"

"పళ్ళు తీస్తే నువ్వే పారిపోతావే," అన్నాడు ఆక్సెల్.

అందరి నోళ్ళూ చూశారు. పప్పు లేదు.

"వెయ్యడం మర్చిపోయావు డిట్టె," అంది గుడ్రున్.

"వేశానమ్మా."

"వేస్తే ఏమైపోతుంది? ఈమధ్య నీకు ధ్యాస ఉంటేగా."

"ధ్యాసా?" డిట్టె చెంచా బల్ల మీద పెట్టేసింది. "తమ్ముడు పోయి ఎనిమిది నెలలైంది. పేరు తలుచుకుని ఏడవడానికి లేదు. ఊళ్ళు తిప్పుతున్నావు, ఫొటోలు తీస్తున్నావు. మాకేమీ పోలేదా? నీ ఒక్కదానికేనా కొడుకు పోయింది?"

"వద్దన్నానా! పండగపూట వద్దన్నానా!"

"సరే. రేపు పొద్దున్న రైలుకి నేనూ ఆస్టా వెళ్ళిపోతాం. నువ్వు చూడాల్సినవన్నీ చూసుకో."

"వెళ్ళు! ఎవరు పట్టుకున్నారు?"

ఆస్టా ఏడుపు మొదలుపెట్టింది. ఆక్సెల్ ఏం చెయ్యాలో తోచక ఖాళీ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయాడు. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చేటప్పుడు రెండు చేతుల్తో ఒక గిన్నె పట్టుకున్నాడు. నిండుగా పాయసం, పైన చెర్రీ రసం.

"ఇది అక్కడే ఉండిపోయింది," అన్నాడు మెల్లిగా.

"ఎవరిది?" ఆస్టా ముక్కు తుడుచుకుని చెంచా పెట్టి కదిపింది. పైపైనే తెల్లగా తేలింది బాదం పప్పు, ఒక్క ముక్క పోకుండా.

గుడ్రున్ ఆ పప్పు వంక, తర్వాత తన చేతుల వంక చూసుకుంది.

"ఐదు గిన్నెలు పెట్టానా?" అంది. "నేనేనా పెట్టింది?"

ఆవిడ ఆ గిన్నెని తనవైపు లాక్కుంది.

"వాడికి నాలుగేళ్ళప్పుడు పప్పు రాలేదని బల్ల కింద దూరి ఒకటే ఏడుపు. అప్పట్నించీ వాడి గిన్నెలోనే వేస్తున్నా. ఎవరికీ తెలీదు."

"అందరికీ తెలుసమ్మా," అంది డిట్టె. ఆమె గొంతులో కోపం పోయింది. "వాడికీ తెలుసు. నీకోసమే, ఏటా అప్పుడే దొరికినట్టు నటించేవాడు."

గుడ్రున్ కుర్చీలో కూలబడింది. "యెప్పె," అంది. "నా యెప్పె. వాడు ఇంక రాడు కదా, ఆక్సెల్?"

"రాడు, గుడ్రున్," అంటూ ఆయన ఆమె తలని పొట్టకి ఆనించుకున్నాడు. ఎనిమిది నెలలుగా అదిమిపెట్టిన ఏడుపంతా అప్పుడొచ్చింది ఆవిడకి, చిన్నపిల్లలా వెక్కివెక్కి.

చాలాసేపయ్యాక, తల ఎత్తకుండానే అడిగింది. "ఎలా నటించేవాడు?"

డిట్టె కళ్ళు తుడుచుకుంది. కళ్ళు పెద్దవి చేసి, చేత్తో నోరు మూసుకుని, బుగ్గ ఒకపక్క ఉబ్బించి, అచ్చం తమ్ముడిలా అటూ ఇటూ చూసింది. ఏడుస్తూనే నవ్వొచ్చేసింది గుడ్రున్‌కి.

"ఇంకొకసారి చెయ్యవే," అంది.