తెర వెనక వరుస

చందూరు దారిలోని ఆ చక్కెర మిల్లులో చెరకు క్రషింగు మొదలైందంటే గాలికే ఒక బరువు వస్తుంది. కాగిన చెరకురసం, తడిసిన పిప్పి, పులిసిన మొలాసిస్ మడ్డి కలగలిసిన వాసన అది. 1969లో, క్రషింగు మొదలైన తొలి ఆదివారం పొద్దు వాలుతుండగా, ఆఫీసర్ల క్లబ్బు పెరట్లో, అక్కడ సినిమాలు వేసే రామ్‌దాస్ తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరు సిద్ధం చేశాడు. ఏదో దూరదేశంలో పిల్లల కోసం టెలివిజన్‌లో వేసిన సాహసగాథ అది. దారి తప్పిన నలుగురు పిల్లలు, రాక్షసబల్లులు తిరిగే లోయ. టెలివిజన్ ఎలా ఉంటుందో ఆ మిల్లులో ఎవరూ ఎరుగరు. రీళ్లు మాత్రం ఏటా అవే వచ్చేవి. ఇంగ్లీషు మాటలు ఆపేసి కథను రామ్‌దాసే తెలుగులో చెప్పేవాడు.

తెర ముందు కుర్చీల్లో ఆఫీసర్ల పిల్లలు. తెర వెనక, మట్టిలో, చెరకు నరికే కూలీల పిల్లలు. గుడ్డ పలచనిది కనుక బొమ్మ అటువైపూ కనబడుతుంది, కుడిఎడమలు తారుమారై. ఆ ఏర్పాటును ఎవరూ చేయలేదు, ఎవరూ ప్రశ్నించలేదు.

నిరుడు వెనకవైపు అల్లరి ఎక్కువైందని క్లబ్బు సెక్రటరీ బాపురావు విసుక్కున్నాడు. రామ్‌దాస్ తెర చాటుకు వెళ్లి, "రాక్షసబల్లి ముందర్కి రాదు, గుడ్డ చింపుకొని ఎన్కకే దుంకుతది" అని చెప్పి, తిరిగొచ్చి ప్రొజెక్టరు లైటు ఆర్పాడు. పిల్లలు చీకట్లో చెల్లాచెదురయ్యారు. ఈరవ్వ అనే ఏడేళ్ల పిల్ల మొలాసిస్ గుంతలో పడి చనిపోయింది. అందరూ ప్రమాదమన్నారు. తానేమి చెప్పి బెదిరించాడో రామ్‌దాస్ ఎవరికీ చెప్పలేదు. ఆ మౌనం అతని కొలువును కాపాడింది, నిద్రను కాపాడలేదు.

ఈసారి తెర వెనక ఎవరూ లేరు. ముందు వరుస చివర అతని కూతురు రాధ కూర్చుంది.

ఎప్పుడూ ఎడమ నుంచి వచ్చే రాక్షసబల్లి ఆ సాయంత్రం కుడి నుంచి వచ్చింది.

రీలు తడిమి చూశాడు. సరిగ్గానే ఎక్కించి ఉంది...

"ఇప్పుడా జంతువు..." అని ఆగాడు. కథ మాత్రం ఆగలేదు. తెర వెనక నుంచి ఒక సన్నని గొంతు అందుకుంది.

"రాక్షసబల్లి ముందర్కి రాదు..."

బాపురావు నవ్వాడు. "రామ్‌దాసూ, ఎన్క ఎవర్ని కూసోబెట్టినవోయ్? నీకన్న మంచిగ చెప్తున్నది."

మొలాసిస్ వాసన దగ్గరైంది. అదే గొంతు, ఇప్పుడు అతని చెవి పక్కనే.

"నిరుడు మాకేం చెప్పినవో గీళ్లకు చెప్పు కాకా. చెప్పకుంటే నీ బిడ్డను పిలుసుకుంట."

చెబితే కొలువు పోతుంది. బాపురావు వైపు చూశాడు. తల దించుకొని రీలు సర్దసాగాడు.

రాధ లేచింది. ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు నడిచింది... తెర చాటుకు మళ్లింది.

లైటు ఆరిపోయింది.

"నేనే చెప్పిన... బెదిరిచ్చింది నేనే" అన్నాడు రామ్‌దాస్ చీకట్లో. మళ్లీ మళ్లీ అన్నాడు.

దీపాలు వెలిగేసరికి రాధ తెర వెనక నుంచి నిదానంగా వస్తున్నది. ఒంటి మీద గీత కూడా లేదు.

ఇంట్లో గౌను మారుస్తూ తల్లి శ్యామలమ్మ ఆగిపోయింది.

"టీకా ఎడమ చెయ్యికి గదా ఏయించినం. మచ్చ గీ చెయ్యికెట్ల వచ్చింది?"

పిల్ల తల్లిని చూడలేదు. తండ్రినే చూస్తూ మెల్లగా అన్నది.

"నువ్వు ఎన్క కూసోని సూడు బాపూ. సక్కగనే కనవడ్తది."