రెండు పుట్టిన తేదీలు

బార్ కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీది ముద్ర చూడగానే మీనాక్షి చేతిలోని గరిటె చేతిలోనే ఉండిపోయింది. నాలుగేళ్ళ చదువు, మూడు రోజుల పరీక్ష దాటి వచ్చిందామె. నవంబరులో పాసయినట్టు తెలిసింది. ఇక మిగిలింది ఒక్కటే, అభ్యర్థి నడవడి మంచిదని కమిటీ ఒప్పుకోవడం. ఒప్పుకుంటే కోర్టులో ప్రమాణం చేసి, ఈ నలభై నాలుగేళ్ళ వయసులో, వకీలు అనిపించుకుంటుంది. ఒప్పుకోకపోతే... ఆ తర్వాతి మాట ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"నా చేతులు జిడ్డుగా ఉన్నాయి, నువ్వు చదవవే," అంది కూతురితో.

పదహారేళ్ళ ఉష కవరు చించి గబగబా చదివి, కనుబొమలు ఎగరేసింది.

"అమ్మా, నీకు టూ బర్త్‌డేస్ ఉన్నాయా?"

"ఏమిటే ఆ మాట?"

"నీ ఇండియా స్కూల్ సర్టిఫికెట్‌లో నైన్టీన్ ఫార్టీవన్ ఉంది. సిటిజన్‌షిప్ పేపర్‌లో ఫార్టీటూ. ఏది ట్రూ అని అడుగుతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి ఎక్స్‌ప్లెయిన్ చేయాలంట. టూ ఉండి కూడా ఒక్కటీ సెలబ్రేట్ చేయవు. వాట్ ఎ వేస్ట్."

బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు కోటమ్మ తలెత్తి చూసింది. "ఏమిటటా?"

"ఏదో కాగితాల్లో తేడా, అత్తయ్యా."

"కాగితాల తేడాకే మొహం అంత పాలిపోవాలా?" అని కోటమ్మ మళ్ళీ తల దించుకుంది. కానీ ఆ తర్వాత చాలాసేపు ఆమె చేతిలోని కాయ ఒలవకుండా అలాగే ఉండిపోయింది. ఉత్తరం మీదే చూపు నిలిపిన మీనాక్షి అది గమనించలేదు.

తేడా ఎలా వచ్చిందో మీనాక్షికి తెలుసు. ఇరవై మూడేళ్ళుగా తెలుసు. పెళ్ళికొడుకు భీమశంకర్ కంటే పెళ్ళికూతురు తొమ్మిది నెలలు పెద్దది. వధువు పెద్దదయితే వరుడికి ఆయుష్షు తరుగుతుందని తెనాలి వైపు పెద్దవాళ్ళు గట్టిగా నమ్మేవారు. లగ్నపత్రిక రాసుకునే రోజు పురోహితుడు జాతకం పైకి చదువుతుంటే, తాను ఒక ఏడాది ఆలస్యంగా పుట్టినట్టు మీనాక్షి తన చెవులతో విన్నది. ఆ సాయంత్రం తండ్రిని అడిగితే, బళ్ళో పిల్లవాడి చిన్న అబద్ధాన్ని కూడా సహించని నరసింహం మాస్టారు కళ్ళు దించుకుని, "ఆ మాట నన్ను అడక్కు తల్లీ," అన్నారు. నాన్న తన కోసం అబద్ధమాడారు! ఆ ముల్లు అప్పుడు దిగింది. ఆయన పోయినప్పుడు కూడా ఆ ముల్లుతోనే ఏడ్చింది. అమెరికా వచ్చే ముందు తన పాస్‌పోర్టు కాగితాన్ని భర్త ఆ జాతకం చూసి నింపి ఇస్తే, నోరు విప్పకుండా సంతకం పెట్టింది. ఆ తేదీయే గ్రీన్‌కార్డులోకీ, పౌరసత్వంలోకీ నడిచి వచ్చింది.

ఆ ముల్లు కత్తిగా మారింది 1979లో. ఒక ఆదివారం ఉదయం పెరట్లో ఆకులు ఊడుస్తూ భీమశంకర్ కుప్పకూలిపోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. కొడుకును చూడాలని వచ్చిన కోటమ్మకు అప్పటికి ఈ దేశంలో రెండు నెలలు. పదకొండో రోజున గోడకు చేరగిలబడి ఆమె ఒకే ఒక్క మాట అంది. "ఎవరి పాపం కొట్టిందో నా బిడ్డని." ఎవరి పాపమో మీనాక్షికి తెలుసనిపించింది. ఆ రోజు నుంచి అత్తగారి కళ్ళలోకి నేరుగా చూడలేకపోయింది.

అయినా ఇద్దరూ ఒక్క ఇంట్లోనే ఉండిపోయారు. ఉషకు నాన్నమ్మ కావాలి, నాన్నమ్మకు ఉష కావాలి. అల్వారెజ్ అనే ముసలి వకీలు ఆఫీసులో మీనాక్షి టైపిస్టుగా చేరింది. ఒకరోజు వీలునామా టైపు చేస్తూ అందులో ఆయన చేసిన తప్పును ఆమె చూపిస్తే ఆయన నవ్వి, కాలిఫోర్నియాలో పాత పద్ధతి ఒకటుందని చెప్పాడు. లా కాలేజీ గడప తొక్కకుండా, ఒక వకీలు దగ్గరే నాలుగేళ్ళు చదువుకుని పరీక్షకు కూర్చోవచ్చు. వారానికి పద్దెనిమిది గంటలు ఆయన కళ్ళ ముందు చదవాలి. నెలకోసారి ఆయనే పరీక్ష పెట్టాలి. తెనాలిలో ప్లీడరు గారింట జూనియర్లు పని నేర్చుకున్నట్టే ఉందే అనుకుంది మీనాక్షి.

ఇంట్లో చదివింది నిలవాలంటే ఎవరికైనా చెప్పాలి. వినేది కోటమ్మే. మీనాక్షి కేసులన్నీ తెలుగులో కథలుగా చెబుతుంటే ఆమె పప్పు ఏరుతూ తీర్పులిచ్చేది. గొడ్డు ఆవు అనుకుని చవగ్గా అమ్మితే అది చూడిదని తేలి, పొరపాటున చేసిన బేరం చెల్లదని జడ్జీలన్న కేసు ఆమెకు మహా ఇష్టం.

"అమ్మినవాడికి కళ్ళు లేవుటే? ఆవు పొట్ట చూస్తే తెలీదూ? ఈ దేశంలో జడ్జీలెవరూ పేడ తీసినట్టు లేదు."

ఆ నాలుగేళ్ళలో ఇద్దరూ కలిసి నవ్వింది ఆ కేసులప్పుడే.

సోమవారం అల్వారెజ్ ఉత్తరం చదివి బల్ల మీద పెట్టాడు.

"ఇది గుమాస్తా పొరపాటయితే ఒక్క వాక్యం చాలు. నేనే రాసి పంపుతాను. మీ దేశంలో పుట్టిన తేదీలు తారుమారవుతాయని వాళ్ళకూ తెలుసు. ఇంకో ప్రశ్న అడగరు."

మీనాక్షి ఉత్తరాన్ని మళ్ళీ మడిచి కవరులో పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నాలుగేళ్ళు నెలనెలా మీకు ప్రశ్నలు వేశాను. ఈ ఒక్కటి మాత్రం నేను వేయను. రేపు వచ్చి మీరే చెప్పండి, ఏం రాయమంటారో."

గుమాస్తా పొరపాటు. ఆ మాట రాస్తే అత్తగారికి ఎప్పటికీ తెలియదు. ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. కారు నడుపుతూ ఆ మాటను నాలుగైదుసార్లు పైకి అని చూసుకుంది. ఎన్నిసార్లు అన్నా అది తన గొంతులా లేదు. అబద్ధం మీద ప్రమాణం చేసి రేపు ఇంకొకళ్ళ నిజం కోసం ఏ నోటితో వాదిస్తుంది? కానీ నిజం ముందు చెప్పవలసింది కమిటీకి కాదు. కన్నకొడుకును పోగొట్టుకున్న తల్లికి.

ఇంటికి వచ్చేసరికి కోటమ్మ పెరట్లో తోటకూర మడికి నీళ్ళు పెడుతోంది. మీనాక్షి చెప్పులైనా విప్పకుండా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, నేను ఆయన కంటే తొమ్మిది నెలలు పెద్దదాన్ని. జాతకం మార్చి మీకు ఇచ్చారు. నాకు తెలిసే ఊరుకున్నాను. ఆ రోజు ఎవరి పాపమో అన్నారు... నాదే. ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను. కానీ ఈ మాట దాచి నేను వకీలు కాలేను."

నీళ్ళు మడి నిండి గట్టు దాటి పోతున్నాయి.

"ముందు ఆ కుళాయి కట్టెయ్. మొక్కలు కుళ్ళిపోతాయి," అంది కోటమ్మ. వచ్చి మెట్టు మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది. "నువ్వు విక్రమ సంవత్సరంలో పుట్టావు, మావాడు ఆ మరుసటి వృషలో. నాకు తెలీదనుకున్నావా?"

కుళాయి కట్టేసి వస్తున్న మీనాక్షి అక్కడే ఆగిపోయింది.

"పెళ్ళిచూపులయ్యాక మీ నాన్న నన్ను అరుగు మీదికి పిలిచాడు. 'మా పిల్ల మీ అబ్బాయి కంటే పెద్దదమ్మా, దాచి ఇవ్వలేను' అని చెప్పి, వెళ్ళిపోవడానికి చెప్పులేసుకున్నాడు. మహానుభావుడు. జాతకం తిరగరాయించింది నేను. సిద్ధాంతి ఇంటికి నేనే వెళ్ళాను. మా ఆయనకీ, చుట్టాలకీ తెలిస్తే సంబంధం చెడుతుందని మీ నాన్న చేత ఒట్టు వేయించుకున్నాను. కన్నకూతురికి కూడా చెప్పనని."

"ఎందుకు అత్తయ్యా? అంత పట్టుదల ఎందుకు?"

"పెళ్ళిచూపుల్లో పిల్ల చేత పాట పాడిస్తారు. నేను నీ చేత దస్తావేజు చదివించాను, అందరూ నవ్వారు, గుర్తుందా? మా మరిది అప్పటికి మూడేళ్ళుగా ఆ కాగితాన్ని తన ఇష్టమొచ్చినట్టు చదివి వినిపిస్తున్నాడు. నాకేమో అక్షరం రాదు. నువ్వు ఒక్కో మాటా విప్పి, నాకు తెలిసేలా చెప్పావు. ఉత్తరపు గట్టు మాదేనని నీ నోటి వెంట విన్నాకే తెలిసింది. ఈ పిల్ల నా ఇంట్లో ఉండాలనుకున్నాను... అంతే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "వాడు పోయాక, నేను ఆడిన అబద్ధమే వాణ్ణి తీసుకుపోయిందనుకున్నాను. ఎవరి పాపమో అన్నది నన్ను నేనే అనుకున్న మాటే అమ్మా. నువ్వు ఎప్పుడు నిలదీస్తావోనని ఆరేళ్ళుగా నీ మొహం చూడలేక చస్తున్నాను."

మీనాక్షి ఆమె ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. భర్త కోసం కొంత, అత్తగారి కోసం కొంత, అన్నిటికంటే ఎక్కువగా తండ్రి కోసం. నాన్న అబద్ధమాడలేదు. మాట నిలబెట్టుకోవడానికి కూతురి దృష్టిలో చిన్నవారయ్యారు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని అంది. "చిన్నప్పుడు వచ్చిన జ్వరం వల్ల ఆయన గుండె దెబ్బతిన్నదని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు, అత్తయ్యా. సాక్ష్యం డ్రాయరులోనే ఉంది. లా చదువుతూ కూడా నేను దాన్ని నమ్మలేదు."

"ఇప్పుడు చదువు," అంది కోటమ్మ. "ఇద్దరం విందాం."

శాన్‌ఫ్రాన్సిస్కోలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నిజమంతా రాసి, పౌరసత్వపు కాగితం దిద్దమని కూడా దరఖాస్తు పెట్టి, అల్వారెజ్ వెంట వచ్చాడు. ఇది కోర్టు కాదు కనుక నాన్నమ్మ మాట ఇంగ్లీషులో చెప్పడానికి ఉష చాలన్నారు. పట్టుచీర మీద కొడుకు పాత స్వెట్టరు తొడుక్కుని కోటమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

మధ్యలో ఉన్న నెరిసిన జుట్టు ఆవిడ అడిగింది. "తేదీ తప్పని తెలిసే మీ కోడలు సంతకం పెట్టిందా?"

"పెట్టింది," అంది కోటమ్మ.

ఉష నాన్నమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నమ్మా, అలా చెప్తే అమ్మకి..."

"ఉన్నది ఉన్నట్టు చెప్పవే. ఆవు కేసులా ఇది పొరపాటు కాదని చెప్పు. పొరపాటు వేరు, అబద్ధం వేరు. అబద్ధం నాది. మా కోడలు ఊరుకుంది. ఊరుకున్నది కూడా తప్పే. కానీ ఒక్క ముక్క రాసి తప్పించుకోగలిగీ, తనే తెచ్చి మీ ముందు పెట్టింది. అప్పటి సంతకం చూస్తారో, ఇప్పటి మనిషిని చూస్తారో మీ దయ."

ఉష ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పింది. ఆవు మాట రాగానే ముగ్గురూ ఒక్కసారి తలెత్తారు.

"ఆ కేసు ఈవిడకెలా తెలుసు?"

"అమ్మ ఫోర్ ఇయర్స్ కిచెన్‌లో చదివింది. నాన్నమ్మ అన్నీ వింది. జడ్జ్ రాంగ్ అని తన ఒపీనియన్," అని ఉష ఇంగ్లీషులోనే సమాధానం చెప్పింది. నెరిసిన జుట్టు ఆవిడ పెదవులు కదిలాయి. నవ్వో కాదో మీనాక్షికి తెలియలేదు. కబురు పంపుతామన్నారు, అంతే.

ఫిబ్రవరి పదకొండున ఉష కేకు మీద నలభై ఐదు కొవ్వొత్తులు లెక్కపెట్టి మరీ గుచ్చింది. కబురు రాలేదు. మార్చి మొదటి వారంలో, పక్కింటి ప్లమ్ చెట్టు పూత రాలే రోజుల్లో, కవరు వచ్చింది. ఉష అందుకోబోతే కోటమ్మ అడ్డం వచ్చి లాక్కుంది.

"నువ్వు కాదే. నీకు గబగబా చదవడమే వచ్చు." కవరు తీసుకెళ్ళి కోడలి చేతిలో పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "ఆ రోజు దస్తావేజు చదివినట్టు చదువు. ఒక్కో మాటా నాకు తెలిసేలా."

మీనాక్షి చదివింది. ఇంగ్లీషు వాక్యాన్ని కళ్ళతో చూసి, తెలుగులోకి విప్పి, ఆగి, మళ్ళీ చదివింది. అభ్యర్థి నడవడిని కమిటీ పరిశీలించింది. అభ్యర్థి దాచకుండా చెప్పిన సంగతులను గమనించింది. ప్రమాణం చేయడానికి అర్హురాలని నిర్ణయించింది. ఉష తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఇంకా ఉందిగా కింద. ఏమి రాశారు?" అంది కోటమ్మ.

"పేరు రాశారు. తర్వాత... పుట్టిన తేదీ. పందొమ్మిది వందల నలభై ఒకటి, ఫిబ్రవరి పదకొండు."

కోటమ్మ కళ్ళు మూసుకుంది.

"ఆ ముక్క ఇంకోసారి చదువమ్మా," అంది. "మీ నాన్నకి వినపడేలా."

మీనాక్షి మళ్ళీ చదివింది.