తప్పు పలక మీద మూడు చుక్కలు

"ఏ కారుకండీ?"

"కారుకి కాదు, ఇతనికి."

జేబులోంచి తీసి కౌంటర్ మీద నిలబెట్టాను. బొటనవేలంత రింగ్‌మాస్టర్. చేతిలో కొరడా, నెత్తిన పొడుగు టోపీ, మెలితిప్పిన మీసాలు. పెయింట్ షాపు అమ్మాయి వంగి అతనితో ముఖాముఖి చూసింది.

"మేం కార్లకీ, గేట్లకీ, ఫ్రిజ్‌లకీ రంగు కలిపి స్ప్రే డబ్బాల్లో నింపి ఇస్తాం. మీసాలున్న పెద్దమనుషులకి ఇంతవరకు ఇవ్వలేదండీ."

ఆ మాట అంటున్నప్పుడు మొహంలో నవ్వు లేదు. కళ్ళలో మాత్రం ఉంది. నా పని అప్పుడే అయిపోయింది.

అసలు సంగతి చెప్పాలి. మా తాతయ్యకి ఒక సర్కస్ ఉంది. మొత్తం ఆయన చేత్తో పోతపోసిన బొమ్మలే, అద్దాల బీరువాలో రెండు అరల నిండా. మొన్న ఇల్లు మారినప్పుడు జోకరు, ఏనుగు పిల్ల, తీగ మీద నడిచే అక్కచెల్లెళ్ళు, ఇలా డజను మంది విరిగిపోయారు. అచ్చులు భద్రంగా ఉన్నాయి కాబట్టి మళ్ళీ పోశాం. తాతయ్య చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి, అందుకని రంగులు వేసే పని నా మెడకు చుట్టుకుంది.

చిక్కంతా బేస్ కోట్ దగ్గర వచ్చింది. ముందు బొమ్మంతటికీ ఒక రంగు స్ప్రే కొట్టి, దాని మీద మిగతా రంగులు వేస్తారు. ఆ కింది రంగే బట్టల మడతల్లో, టోపీ అంచు కింద నీడలా మిగులుతుంది. తాతయ్య వాడిన డబ్బా ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు.

"బేస్ తేడా వస్తే పైన ఎన్ని సోకులు చేసినా లాభం లేదురా," అన్నాడాయన. "ఒకే అరలో నిలబెట్టినా కొత్తవాళ్ళు పక్కింటివాళ్ళలా కనిపిస్తారు."

ఆ అమ్మాయి రింగ్‌మాస్టర్‌ని తలకిందులు చేసింది.

"పాదాల అడుగున పైరంగు వెయ్యలేదు. అసలు రంగు ఇదీ." కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి కళ్ళు చికిలించింది. "చూడగానే గోధుమ రంగనుకుంటాం. కాదు. బూడిదలో ఇటుక, వెనకాల ఎక్కడో కాస్త ఆకుపచ్చ."

నేను ఒక ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు చేస్తాను. పక్క పంటికి సరిపోయేలా పదహారు రకాల తెలుపులు చూసి పోల్చడమే నా ఉద్యోగం. ఆ ఆకుపచ్చ నాకూ కనిపించింది, కానీ రెండు రోజులు పట్టింది. ఆమెకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఆ మూల రంగులు చూసే మిషన్ ఉందిగా, వాడరా?"

"నాకు కళ్ళున్నాయిగా," అంది.

డబ్బా తీసుకుని ఇంటికొచ్చి జోకరు మీద కొట్టాను. ఆరాక రింగ్‌మాస్టర్ పక్కన పెట్టి చూశాను. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. తాతయ్య భూతద్దం పెట్టి చూసి, "శభాష్," అన్నాడు. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. రంగు కుదిరిపోయాక ఇంక ఆ షాపుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

అందుకే మూడో రోజు వెళ్ళి అబద్ధమాడాను.

"ఎరుపు కాస్త ఎక్కువైందండీ."

ఆమె మొహం వాడిపోయింది. "నిజంగానా?"

"పళ్ళ రంగులు చూసే కన్ను కదండీ. దొరికిపోతుంది."

"మీరూ రంగు పనే చేస్తారు కాబట్టి నమ్ముతున్నా," అంటూ వెనక గోడకున్న తెల్ల పలక మీద ఆ రంగు ఒక చుక్క పెట్టింది. దాని కింద పెన్సిల్‌తో 'బొటనవేలు' అని రాసి, కొత్తగా కలిపి రెండో డబ్బా ఇచ్చింది.

నా గుర్తుగా పెట్టుకుందనుకున్నాను. ఆ రాత్రంతా గాల్లో తేలాను. మనిషికి ఇంత మతి ఎలా పోతుందో ఇప్పుడు ఆలోచిస్తే నాకే అర్థం కాదు.

తర్వాత రెండు రోజులు ఒకటే ముసురు. తడిసి ముద్దయి మళ్ళీ వెళ్ళాను. గొడుగు ఉంది, కావాలనే తీసుకెళ్ళలేదు.

"రెండో డబ్బాలో ఎరుపు తగ్గింది కానీ పసుపు పెరిగిందండీ. నిన్న సాయంత్రమే డాబా మీద కొట్టి చూశాను."

తల తుడుచుకోమని బట్ట ఇవ్వబోయిన చెయ్యి సగంలో ఆగింది. "నిన్న సాయంత్రమా?"

"అవునండీ."

"సరే," అంది. పలక మీద రెండో చుక్క పడింది. మూడో డబ్బా మాత్రం ఐదు నిమిషాల్లో తెచ్చిచ్చింది. "ఇది కచ్చితంగా సరిపోతుంది. కొట్టి చూసి చెప్పండి."

దాన్నీ రెండో డబ్బా పక్కనే, మూతైనా తియ్యకుండా, అటక మీద పెట్టాను. నాకు అంతకంటే పెద్ద పని ఉంది. తాతయ్య దగ్గర పోత మట్టి అడిగి తీసుకుని, సర్కస్‌లో లేని బొమ్మ ఒకటి చేస్తున్నాను.

వారం తర్వాత వెళ్ళాను. రింగ్‌మాస్టర్‌తో పాటు ఆ బొమ్మ కూడా జేబులోనే ఉంది. ఇవ్వడానికి మూడు రోజులుగా ధైర్యం చాలడం లేదు. అందుకని మళ్ళీ పాత పాటే అందుకున్నాను.

"ఈసారి నీలం ఎక్కువైందండీ."

"నీలమా?"

"నీలమే."

"డబ్బా తెరిచి, కొట్టి, ఆరాక చూశారా?"

"చూశానండీ."

ఒక్క క్షణం నావైపే చూసింది. తర్వాత తిరిగి మూడో చుక్క పెట్టింది. అప్పుడే లోపల్నించి షాపు యజమాని వచ్చాడు. ఆమెకి సొంత బాబాయి. పలక చూసి నిట్టూర్చాడు.

"మూడు. చెప్పిన మాటేగా అమ్మాయ్. ఒకే పనికి మూడు తప్పులు పడితే కౌంటర్ దిగాలని నువ్వే ఒప్పుకున్నావు. రేపటినుంచి పుట్టీ బస్తాల వైపు చూసుకో. రంగులు మిషన్ చూసుకుంటుంది."

ఆమె రంగులంటిన ఏప్రన్ ముడి విప్పడం మొదలుపెట్టింది.

అది నా గుర్తుగా పెట్టుకున్న పలక కాదు, తప్పుల పలక. ఈ మూడు చుక్కలూ పడేవరకు దాని మీద ఒక్క మచ్చ లేదు.

"ఆగండి," అన్నాను. "మొదటి డబ్బాయే సరిపోయింది. మిగతావి అబద్ధాలు."

బాబాయి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఎందుకు బాబూ?"

జవాబు నోట్లోంచి రాలేదు. జేబులోంచి వచ్చింది. ఏప్రన్ కట్టుకుని, చేతిలో స్ప్రే డబ్బా పట్టుకుని, కళ్ళు చికిలించి చూస్తున్న బొటనవేలంత అమ్మాయి. రింగ్‌మాస్టర్‌ని కూడా తీసి, ఇద్దర్నీ కౌంటర్ మీద పక్కపక్కన నిలబెట్టాను.

"మొదటి డబ్బాతోనే చేశాను. రంగు కుదిరిందంటే మళ్ళీ రావడానికి సాకుండదని భయపడ్డాను." ఆమె వైపు తిరిగాను. "మీరంటే ఇష్టం. ఆ మాట చెప్పడం చేతకాక మీ పనికే ఎసరు పెట్టాను. బాబాయి గారూ, కౌంటర్ మాత్రం ఆమె దగ్గర తీసుకోకండి. ఆమె కన్నుకి తప్పు రాదు."

బాబాయి రెండు బొమ్మల్నీ తలకిందులు చేసి, పాదాలు పక్కపక్కన పెట్టి వెలుతురులో చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఒకటే," అన్నాడు.

ఆమె చిన్న బొమ్మని అరచేతిలోకి తీసుకుంది. "నా ముక్కు ఇంత పొడుగా?"

"కొంచెం పొడుగేనండీ."

"బాబాయ్, ఆ పలక దగ్గరకెళ్ళి చూడు. మొదటి చుక్కా మూడో చుక్కా."

బాబాయితో పాటు నేనూ చూశాను. రెండూ ఒకటే రంగు.

"ముసురు పట్టినప్పుడు స్ప్రే కొడితే రంగు తెల్లగా పొగచూరినట్టు అవుతుంది. ఈ పని తెలిసినవాళ్ళెవరూ కొట్టరు. ఈయన డాబా మీద కొట్టానన్నాడు. అప్పుడే అనుమానమొచ్చి, మొదటి డబ్బా రంగే మళ్ళీ నింపిచ్చాను. మొదట ఎరుపన్న రంగునే ఇప్పుడు నీలమన్నాడు."

"మరి ఏప్రన్ ఎందుకు విప్పావే?" అన్నాడు బాబాయి.

"చెప్తాడా లేదా అని." నా వైపు తిరిగింది. "నా పని పోతుంటే నోరు మూసుకుని నిలబడే మనిషైతే నాకు అక్కర్లేదు. నువ్వు చెప్పకపోతే ఈ చుక్కలు చూపించి నా కౌంటర్ నేనే నిలబెట్టుకునేదాన్ని, నిన్ను బయటికి పంపేదాన్ని."

అంతవరకు 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అనేసరికి నాకు మిగతా తిట్లు సరిగా వినపడలేదు.

"ఆ మూడో డబ్బా మూత తీశావా అసలు?"

"లేదు."

"ఆదివారం ఎండ కాస్తే మీ ఇంటికొస్తా. మిగతా పదకొండు మందికీ కలిసి కొడదాం." ఏప్రన్ ముడి మళ్ళీ బిగించింది. బాబాయి గొంతు సవరించుకుని, తనకి పుట్టీ బస్తాల దగ్గర పనుందని లోపలికి వెళ్ళాడు.

ఆదివారం ఎండ కాసింది. డాబా మీద పదకొండు బొమ్మలూ వరసగా ఆరుతుంటే ఆమె ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి చూసింది. కింద బీరువా తెరిచి ఉంది. తాతయ్య వణికే చేత్తోనే ఏప్రన్ అమ్మాయి బొమ్మని రింగ్‌మాస్టర్‌కీ గుర్రానికీ మధ్య సర్దాడు. వెనక్కి జరిగి, భూతద్దంలోంచి ముందు బొమ్మని, తర్వాత డాబా దిగొచ్చి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ ఆమెని చూశాడు.

"పక్కింటి పిల్లలా లేదురా," అన్నాడు. "మన పిల్లే."