అక్షరలోకంలో అక్క

పెసరట్టు చల్లారిపోతున్నా చారుమతి చూపు పళ్ళెం మీదికి దిగలేదు. ఆమె నుదుటికి రాతపట్టీ ఉంది. ఎదురుగా గాలిపలక మీద అక్షరాలు ఒకదాని వెనుక ఒకటి పుట్టుకొస్తున్నాయి. వాటిని చదివి తనలో తను నవ్వుకుని, "అలాగే అక్కా" అంది.

"ఏంటే?" అంది వంటగదిలోంచి కమలిని.

"నిన్ను కాదులే."

కమలిని చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరే, తనూ తన చెల్లెలూ. ఆ పిలుపు తనది కాకపోతే ఇంకెవరిది?

కాకినాడలో ఆ ఉదయం చాలా ఇళ్ళలో పెసరట్లు చల్లారుతూనే ఉన్నాయి. కంటికి కనిపించే మాయాలోకాలన్నీ జనానికి ఎప్పుడో మొహం మొత్తాయి. రెక్కల గుర్రాన్ని ఎంత అందంగా చూపించినా పిల్లలు సైతం ఆవలించే రోజులొచ్చాక, బొమ్మ లేకుండా, గొంతు లేకుండా, వట్టి మాటలతో కట్టిన అక్షరలోకాలు పుట్టాయి. నుదుటికి పట్టీ కట్టుకుని వాక్యం మనసులో అనుకుంటే చాలు, పలక మీదికి వస్తుంది. ఎవరికి వారు ఒక వేషం ఎంచుకుని, ఆ వేషం ఏం చేసిందో రాస్తారు. ఎదుటివాళ్ళు తమ వేషం ఏం చేసిందో రాస్తారు. అలా కథ నడుస్తుంది. వీధి చివర టీ కొట్టు అప్పలస్వామి అక్కడ ఒక రాక్షసరాజు. టీలో పంచదార తక్కువైందంటే, "కోట ముట్టడిలో ఉన్నానండి, ఇయ్యాల్టికి సర్దుకోండి" అంటాడు.

కమలిని దృష్టిలో ఇదంతా పనిలేనివాళ్ళ పని. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

"ఎవరే ఆ అక్క?"

"వెన్నెలకోటలో నాకో అక్క ఉందిలే. వకుళ అని."

"వకుళో బకుళో. ఏ ఊరావిడ? ఏం చేస్తుంది?"

"అక్కడ అలా అడక్కూడదక్కా. బయట ఎవరైతే మనకెందుకు? నేను చెప్పేది వింటుంది, అంతే."

"నేను వినట్లేదేంటి?"

చారుమతి నోరు తెరిచింది. ఈలోగా కమలినే, "ఎవరైనా తియ్యగా మాట్లాడితే చాలు, పడిపోతావ్ నువ్వు. ఇంకో అట్టు వెయ్యనా? వేస్తాలే, ఉండు" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో కమలిని చేసిన పని ఒక్కటీ సవ్యంగా లేదు. చెల్లెలికి జ్వరమొస్తే మంచం పక్కన కూర్చున్నది తను. కాలేజీలో సీటు కోసం తిరిగింది తను. దానికి వంకాయ పడదని ప్రతి పెళ్ళి భోజనంలోనూ వడ్డించేవాళ్ళకి చెప్పేది తను. ఊరూ పేరూ లేని ఎవతో నాలుగు వాక్యాలు రాసి అక్కైపోయిందా? ఇది అసూయ అని ఒప్పుకోవడానికి కమలిని నామోషీ పడలేదు. అసూయే. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నంత అసూయ.

సాయంత్రం ఇంటికి పోకుండా పట్టీల దుకాణానికి పోయింది.

"ఆయ్, కొత్తగా మొదలెడతన్నారాండి?" అన్నాడు దుకాణదారు. "సొంత పేరు మాత్రం పెట్టకండేం. పెట్టేరంటే చుట్టాలందరూ లోపలికి కూడా వచ్చేత్తారు."

కమలిని తన గదిలో తలుపు వేసుకుని, తుంగ అన్న పేరుతో, మూలికలమ్మే మనిషి వేషం కట్టింది. కొత్తవాళ్ళని చేయి పట్టుకుని నడిపించేవారిని అక్కడ దీపధారి అంటారు. వెన్నెలకోట దీపధారి పేరు చిత్ర. ఆ చిత్ర తన చెల్లెలేనని కమలినికి ముందే తెలుసు, చారుమతి పలక మీద ఆ పేరు చాలాసార్లు చూసింది. ఆ కోటనే ఎంచుకున్నది ఆ దీపధారి కోసమే.

మొదటి వాక్యం ధీమాగా రాసింది: "తుంగ కోటలోకి వచ్చింది. ఆమెను చూడగానే చిత్ర సంబరపడి, తన రహస్యాలన్నీ చెప్పేసింది."

ఆ లోకానికి కాపలా కాసే యంత్రం పేరు ద్వారలిపి. అది రెండో వాక్యాన్ని ఎర్రగా మార్చి వెనక్కి కొట్టింది. వెంటనే చిత్ర రాసింది: "కంగారు పడకండి, కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటే. తుంగ ఏం చేసిందో మీరు రాయండి. చిత్ర ఏమనుకుందో, ఏం చెప్పిందో నాకు వదిలెయ్యండి. ఒక వాక్యం రాసి ఆగాలి. ఆగడమే ఇక్కడ అసలు కష్టం."

గోడకి అవతలి గదిలో కూర్చున్న చెల్లెలు ఇంత ఓపిగ్గా మాట్లాడగలదని కమలినికి తెలియదు. ఆ ఓపిక ముక్కూ మొహం తెలియని మూలికలమ్మే మనిషికి దక్కిందని మళ్ళీ ఒళ్ళు మండింది. అంటే ఇప్పుడు తుంగ మీద కూడా అసూయే. ఆ విడ్డూరానికి తనకే నవ్వొచ్చింది.

పోనుపోను ఆగడం అలవాటైంది. వాక్యం రాసి, చేతులు కట్టుకుని, చెల్లెలు ఏం రాస్తుందా అని చూడటంలో ఏదో తీపి ఉంది. చిత్రకి కొండలంటే ఇష్టమట, ఎత్తయిన చోట పాటలు పాడుతుందట. ఇవేవీ చారుమతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

ఒక సాయంత్రం అడవి దారిలో వకుళ ఎదురైంది. చిత్ర పరుగున వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. కమలిని ఆగలేకపోయింది.

"తుంగ ఇచ్చిన విషం తాగి వకుళ చచ్చిపడింది" అని రాసింది. ఎర్రబడి వెనక్కి వచ్చింది. పళ్ళు కొరుకుతూ పద్ధతిగా రాసింది: "తుంగ ఒక గిన్నె వకుళ చేతికి అందించింది."

ఆగింది.

వకుళ గిన్నె పుచ్చుకుంది, తాగలేదు. చిత్ర వైపు తిరిగి అడిగింది: "దారిలో కలిసిన మనిషి నీ అక్కకి నల్లటి కషాయం ఇచ్చింది. మరి నువ్వేం చేశావ్?"

కమలిని పలక మీదికి వంగింది. ఆ ప్రశ్న తనది. చిన్నప్పుడు తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడల్లా చెల్లెల్ని దుప్పట్లో చుట్టి కథ చెప్పేది. కథలో రాజకుమారి చారుమతే. పులి ఎదురైన చోట ఆపి, "మరి నువ్వేం చేశావ్?" అనేది. "దాని మీసం పట్టుకు లాగాను" అనేది ఆ పిల్ల. కథ అటే వెళ్ళేది. అడగడం ఎప్పుడు మానేసిందో కమలినికి గుర్తు లేదు. అమ్మా నాన్నా పోయాక చెల్లెలి బతుకు తన నెత్తిన పడింది. ప్రతిదీ అడుగుతూ కూర్చుంటే పనులవుతాయా?

"వకుళను ఎవరు రాస్తున్నారు?" అని ద్వారలిపిని అడిగింది.

"మనిషి ఎవరూ లేరు. వకుళ యంత్రం రాసే నీడమనిషి. చిత్ర తన చిన్ననాటి జ్ఞాపకాలు చెప్పి చేయించుకున్నది."

"ఆ జ్ఞాపకాల్లో ఉన్న అక్కని నేనే."

"అలాగైతే ఇకపై వకుళను మీరే రాయవచ్చు. చిన్న పరీక్ష ఉంటుంది. చిత్ర వానలో తడిసి ఇంటికి వచ్చి, కొలువు వదిలేశానని చెప్పింది. వకుళ ఏమంటుంది?"

కమలిని సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఇంతకాలం తను కుళ్ళుకున్నది తన మీదే! క్షణం ఆలోచించకుండా రాసింది: "ముందు తల తుడుచుకో. బుద్ధుందా నీకు? రేపు నేనొచ్చి మాట్లాడి మళ్ళీ చేర్పిస్తాను. నువ్వేం నోరెత్తకు."

ద్వారలిపి జవాబు ఇచ్చింది. "పోలిక చాలదు. మీరు ఆ అక్క కారు."

ఆ మాట ఎర్రగా కూడా లేదు, మామూలు రంగులోనే ఉంది. కమలిని దాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. యంత్రానికి ఏం తెలుసని తిట్టబోయింది, తిట్టు రాలేదు. కళ్ళ నీళ్ళు కారిపోయాయి.

పట్టీ విప్పేసి చెల్లెలి గది దగ్గరికి వెళ్ళింది. లోపల చారుమతి పగలబడి నవ్వుతోంది. కమలిని చెయ్యి అలవాటుగా గడియ మీదికి పోయింది. ఏనాడూ తట్టి ఎరగదు ఆ తలుపుని. చెయ్యి వెనక్కి తీసుకుని మెల్లగా తట్టింది.

నవ్వు ఆగింది. "ఎవరూ?"

"నేనే చారూ. అక్కని."

అంతవరకే అని ఆగింది. లోపలికి రానా, ఏడుస్తున్నాను, నన్ను చూడు, అన్న మాటలన్నీ గొంతులోనే ఉంచుకుని, తను నేర్చుకున్నట్టే చెల్లెలి వంతు కోసం నిలబడింది.

తలుపు అవతలి నుంచి చారుమతి గొంతు వినిపించింది. అందులో ఎగతాళి లేదు, కోపం లేదు. నిజంగానే అడుగుతోంది.

"ఏ అక్క?"