మర్యాదగా మాట్లాడిన మంత్రి

చచ్చిపోయిన మనిషి పొద్దున్నే ఫోన్ చేశాడు.

"గొంతుల్ని కాపీ కొట్టే ఏఐ తయారుచేసిన సైంటిస్టు. నిన్న లిఫ్ట్‌లో కాల్చేశారు. ఇవాళ అతని గొంతుతోనే మనకి ఫోనొచ్చింది. విదేశీ ముఠా టెస్ట్ చేసుకుంది," అన్నాడు చీఫ్.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో ముంగిస అంటారు. కుర్చీ ఇచ్చినా కూర్చోడు. "టార్గెట్?"

"నెట్‌వర్క్ కంట్రోల్ రూమ్. కొత్త ఇంటర్నెట్ చట్టం తెలుసుగా? మంత్రి ఫోన్‌లో చెబితే చాలు, దేశంలో మొబైల్ నెట్‌వర్క్ మొత్తం ఆపెయ్యాలి. ఆపకపోతే డైరెక్టర్‌కి జైలు. ఆపితే వీళ్ళ దొంగ టవర్లు లేస్తాయి, ప్రతి ఫోనూ వాటి గుప్పిట్లోకి పోతుంది. లోపల మన మనిషి ఉంది. కోడ్, ఏసీ చల్లగా లేదు."

గంట తిరక్కుండా ముంగిస ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు. మంత్రిగారి లీగల్ అడ్వైజర్‌గా చేరిన అందగత్తె నల్ల కళ్ళద్దాలు పైకి జరిపి, "ఏసీ చల్లగా లేదు," అంది. అతనికి ప్రాణం కాస్త కుదుటపడింది.

ఎర్ర ఫోన్ మోగింది. డైరెక్టర్ స్పీకర్ నొక్కాడు.

"నమస్కారమండీ. దేశభద్రత దృష్ట్యా నెట్‌వర్క్ నిలిపివేయండి." అచ్చం మంత్రి గొంతే.

డైరెక్టర్ బోర్డులో తాళంచెవి పెట్టి ఆగిపోయాడు.

"ఆలస్యమైతే మీరే జైలుకెళ్తారు," అంది అడ్వైజర్.

ముంగిసకి అనుమానమొచ్చింది. మన మనిషికి ఇంత తొందరెందుకు? డైరెక్టర్ పక్కకి చేరి, "ఏంటి సార్?" అన్నాడు మెల్లిగా.

"నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదయ్యా! మంత్రి మా బావ. మా అక్కని చేసుకున్నప్పట్నుంచీ నన్ను ఏడిపించకుండా ఒక్క ఫోనూ మాట్లాడలేదు."

"అయితే మీరే కదపండి."

డైరెక్టర్ ఫోన్ మీదకి వంగాడు. "బావా, అక్క నిన్ను ఇంట్లోకి రానిస్తోందా, ఇంకా గుమ్మం బయటేనా?"

"మీ ఆప్యాయతకు ధన్యవాదాలు. నెట్‌వర్క్ నిలిపివేయండి."

డైరెక్టర్ తాళంచెవి మీంచి చెయ్యి తీసేశాడు. అడ్వైజర్ ఎగిరి తాళంచెవి తిప్పేసింది. బోర్డు మీద పచ్చలైట్లు వరసగా ఆరిపోతున్నాయి. ఆమె చేతిలో లిప్‌స్టిక్, దాని మొనలో తుపాకి గొట్టం. ముంగిస ఏసీ కడిగే స్ప్రే ఆమె కళ్ళల్లో కొట్టాడు. గుండు సీలింగ్‌కి తగిలింది. ఆఖరి లైటు మినుకుమంటుండగా తాళంచెవి వెనక్కి తిప్పాడు. లైట్లన్నీ మళ్ళీ వెలిగాయి.

"పాపం, నిన్ను కొనుక్కున్న ముఠా ఏఐ సభల్లో ఉపన్యాసాలే విన్నట్టుంది," అన్నాడు ఆమె చేతులు వెనక్కి కడుతూ. "బావమరిదితో ఎలా మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు."

ఫోన్ మళ్ళీ మోగింది. డైరెక్టర్ ఎత్తాడు.

"ఒరేయ్ మొద్దూ! ఇంతసేపూ ఎవడితోరా సోది? నా పెళ్ళిలో పందిట్లో గుర్రుపెట్టి నిద్రపోయిన వెధవ్వి, నీ చేతిలో దేశాన్ని పెట్టాను చూడు, నన్ననాలి!"

డైరెక్టర్ కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకో రెండు తిట్టు బావా. చట్టంలో చేర్పిద్దాం."